మూడో బేసు

ఈల సారు మనిషి కాదు. ఈ మాట గ్రౌండు మనిషి ఎవరి ముందైనా అనగలడు. అడిగితే హెడ్మిస్ట్రెస్ గదిలో నిలబడి కూడా అనగలడు. ఎవరూ అడగలేదు, అంతే.

సోమవారం పొద్దున నీళ్ల గొట్టం ఈడ్చుకుంటూ తన మడుల దగ్గరికి వెళ్లేసరికి వంగ మొక్కల మధ్య నాలుగు ఇనప మేకులు దిగి ఉన్నాయి. మేకు నుంచి మేకుకి నైలాను తాడు బిగించి ఉంది. ఒక మేకు కాపు మీదున్న మొక్క మొదట్లోంచి దిగింది. కొట్టినవాడు మొక్కను చూసుకోలేదనడానికి వీల్లేదు, ఎందుకంటే పక్కన జానెడు దూరంలో ఖాళీ నేల ఉంది. చూసే కొట్టాడు.

గొట్టం కింద పడేసి మేకును ఊపి చూశాడు. కదల్లేదు. వెనక నుంచి ఈల వినిపించింది.

వ్యాయామం సారు పిల్లల మీద ఈల ఊదడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడది గ్రౌండు మనిషి కోసమే. ఒక ఈలకి సున్నం తేవాలి. రెండింటికి నీళ్లు తేవాలి. మూడు వినిపిస్తే ఏ పని చేతిలో ఉన్నా వదిలేసి పరిగెత్తాలి. పిల్లలు సారుకి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

"పీకకు, పీకకు. కొలిచి కొట్టాను," అన్నాడు ఈల సారు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "క్రికెట్ నెట్లు వేస్తున్నాం. పిల్లలకి ప్రాక్టీసు చేసుకునే చోటు లేదు గానీ, నీకు మాత్రం వంకాయల తోట కావాలా?"

"పాత హెడ్మిస్ట్రెస్ గారు చేసుకోమన్నారు సార్."

"కాగితం ఉందా?"

"నోటిమాట సార్."

"నోటిమాట ఆమెతోపాటే రిటైరైంది. శుక్రవారం స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారొస్తున్నారు. ఆయన ఊ అంటే శనివారం పని మొదలు. ఈలోగా కోసుకునేవి కోసుకో. నేనంత కఠినుణ్ణి కాదు."

పోతూ పోతూ రెండు ఈలలు వేశాడు. గ్రౌండు మనిషి నీళ్లు తీసుకెళ్లాడు. గ్లాసు అందించేటప్పుడు తల వంచుకున్నాడు. అది భయం వల్ల కాదని ఈల సారుకి తెలియదు.

గది గుమ్మంలో కూర్చుని భార్య అంతా వింది. పడమటి గోడకి ఆనుకుని ఉన్న ఆ ఒంటి గదికి ముందు ఈ మడులు. అక్కడ మొదట్లో అన్నీ ఇటుక ముక్కలూ సీసా పెంకులే. ఆమె జల్లెడ పట్టని గుప్పెడు మన్ను ఆ మడుల్లో లేదు. మోకాళ్లు పట్టేసి మార్కెట్టు దాకా నడవలేని మనిషికి రోజులో తనదంటూ ఉన్న పని అదొక్కటే.

"సగానికేగా తాడు కట్టాడు," అంది ఆమె. "మిగతా సగం మనకి వదిలెయ్యమని అడుగు. చిక్కుడు పాదు ఇటు జరుపుకుందాం."

"సగమా? వాడికి ఒక్క ఆకు ఇవ్వను."

"వాడు సారు. నువ్వు సున్నం పోసేవాడివి."

"సున్నం కళ్లలో కూడా పడుద్ది," అన్నాడు అతను.

మంగళవారం పదో తరగతి గదిలో బెంచీ కాలు ఊడిందంటే మేకులు నోట్లో పెట్టుకుని, సుత్తితో వెనక వరుసలో నేల మీద కూర్చున్నాడు. ముందు ఇంగ్లీషు టీచరు కొత్త నవల మొదలుపెట్టింది. బేస్‌బాల్ ఆటగాళ్ల కథ. రెండు పేజీలు చదివి తెలుగులో చెబుతోంటే కళ్లద్దాల పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"మేడమ్, ఆట మధ్యలో వీళ్లంతా ఇంటికెందుకు పరిగెడుతున్నారు?"

"ఆకలేసి ఉంటుందే," అంది పక్కది. తరగతంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వి, పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టింది.

"నిజం చెప్పనా? నాకూ ఈ ఆట సరిగ్గా తెలీదు. కానీ తెలుసుకోకుండా ఈ పుస్తకం చదవలేం. ఇందులో అన్న అంపైరు, తమ్ముడు ఆటగాడు. చివరి ఆటలో అన్న తమ్ముణ్ణి అవుటిస్తాడు. ఊరంతా అన్న మీద ఉమ్మేస్తుంది. అసలది అవుటా కాదా అన్నది మీకు తెలియకపోతే, ఆ పేజీ దగ్గర మీకు ఏడుపూ రాదు, కోపమూ రాదు. అందుకని పుస్తకం మూసేద్దాం. ముందు ఒకసారి గ్రౌండులో నిలబడదాం."

సరిగ్గా అప్పుడే వరండాలో ఈల సారు పోతున్నాడు. టీచరు గుమ్మంలోకి వెళ్లి అడిగింది.

"బేస్‌బాలా? భలేవారే మేడమ్. కాలేజీలో కెప్టెన్ని. శుక్రవారం పెట్టుకుందాం, ప్రెసిడెంటు గారు కూడా చూస్తారు."

"జట్టుకి ఎంతమంది సార్? పిల్లల్ని విడదీసి ఉంచుతాను."

"పదకొండు," అన్నాడు ఈల సారు, తడుముకోకుండా.

గ్రౌండు మనిషి నోట్లో మేకు పళ్లకి టకామని తగిలింది. తొమ్మిది మంది. ఆ సంగతి అతనికి తన ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలిసినంత బాగా తెలుసు. ఇక్కడికి రాకముందు కంపెనీ కాలనీ గ్రౌండులో ఆరేళ్లు విదేశీ ఇంజనీర్ల ఆదివారం ఆటకి గీతలు గీసింది అతనే. ఆరో తరగతితో చదువు ఆగినా, ఆ ఆట కొలతలు మాత్రం తలలో అంగుళం చెరగలేదు. ఆ 'పదకొండు' చెవిలో తేనె చుక్కలా పడింది. మేకును నోట్లోంచి తీసి బెంచీ కాలికి ఆనించి, ఒక్క దెబ్బకి దించాడు.

ఆ రాత్రి నుంచే సుఖంగా నిద్రపట్టింది.

బుధవారం ఈల సారు ఫోనులో చూసుకుంటూ కొలతలు చెప్పాడు. "బేసుకీ బేసుకీ మధ్య అరవై అడుగులు. రాసుకో."

"గుర్తుంటుంది సార్," అన్నాడు గ్రౌండు మనిషి. అరవై వేరే ఆటది, పెద్ద బంతితో ఆడేది. ఆ సంగతి మింగేసి సున్నం జల్లించాడు. దారం తడిపి, రెండు మేకుల మధ్య లాగి, వేలితో మీటాడు. నేల మీద సన్నని చార పడింది. అడుగున చిల్లులున్న డబ్బాను చార వెంబడి ఊపుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. గీత ఎక్కడా ఉబ్బలేదు, ఎక్కడా తెగలేదు. ఇంత అందంగా తప్పు గీసినవాడు ఎక్కడా ఉండడని తనలో తను నవ్వుకున్నాడు.

"వేదిక ముందు హోమ్ పెట్టు. ప్రెసిడెంటు గారికి నీడలో కుర్చీ పడాలి. హోమ్ దగ్గర మూడు స్టంపులు పాతు."

"స్టంపులా సార్?"

"మరి బంతి దేనికి తగలాలి, నీ నెత్తికా?"

"అట్లాగే సార్." బ్యాటు పట్టేవాడు నిలబడే హోము చోట చెక్క పలక పరిచి, దాని వెనక మూడు స్టంపులు పాతాడు. నిలువు చూసి, మట్టి తొక్కి గట్టి చేశాడు. చెప్పింది చెప్పినట్టు చేయడం కన్నా పెద్ద పగ లోకంలో లేదు. దాని మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికీ వీలుండదు.

సాయంత్రం గుమ్మంలో కూర్చుని, విరిగిన పికాసు పిడిని గాజుపెంకుతో గీకడం మొదలుపెట్టాడు. చెక్క పొరలు పొరలుగా లేచి ఒళ్లో రాలాయి. పట్టుకునే చోట సన్నం, కొసకి పోనుపోను లావు, బేస్‌బాల్ బ్యాటు లాగా. భార్య చిక్కుడుకాయలు కోస్తూ చూసింది.

"ఎవరి నెత్తి పగలగొట్టడానికి?"

"నెత్తి కాదు. పరువు."

"దాని వల్ల నా మడి మిగులుతుందా?"

"ప్రెసిడెంటు ముందు ఒకసారి నవ్వులపాలైనవాడు నెట్లని నోరెత్తగలడా?" అంటూ అతను నున్నటి కర్ర మీద అరచెయ్యి నడిపాడు. చేతికి ఎక్కడా పేడు గుచ్చుకోలేదు.

గురువారం బడి వదిలాక ఇంగ్లీషు టీచరు గ్రౌండులోకి వచ్చి, గీతల మధ్య అటూ ఇటూ నడిచింది. చేతిలో కాగితాలు. ముఖంలో అనుమానం.

"అన్నా, మీరు ఎన్నో గ్రౌండుల్లో పనిచేసి ఉంటారు. ఈ గీతలు సరిగ్గానే ఉన్నాయంటారా? నా కాగితాల్లో వేరేలా ఉంది."

అతను డబ్బా మూత బిగిస్తున్నాడు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట ఇప్పుడు అంటే ఈమె వెళ్లి ఈల సారుకి చెబుతుంది. ఆయన రాత్రికి రాత్రి దిద్దుకుంటాడు. రేపు పొద్దున కెప్టెన్ కెప్టెన్‌గానే నిలబడతాడు.

"నేను సున్నం మనిషిని మేడమ్. ఆటలు నాకేం తెలుస్తాయి?"

"అంతేలెండి, సారు ఉన్నారుగా," అని ఆమె వెళ్లిపోయింది. ఆమె మంచిది. పండక్కో పబ్బానికో కాదు, మామూలు రోజుల్లో కూడా అతన్ని పలకరించే మనిషి బడిలో ఆమె ఒక్కతే. అది గుర్తొచ్చి కాసేపు మనసు చివుక్కుమంది. మేకు దిగిన వంగ మొక్క వాడిపోయి వేలాడుతోంటే చూశాడు. చివుక్కుమనడం ఆగింది.

శుక్రవారం మూడో పీరియడుకి వేదిక మీద కుర్చీలు పడ్డాయి. ప్రెసిడెంటు కర్ర ఊతంతో వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగమంతా భూములు కొలిచి రిటైరైన మనిషి. గీతలు చూడగానే ముందుకు వంగాడు. పక్కన హెడ్మిస్ట్రెస్. కింద పిల్లలు జట్టుకి పదకొండు మంది. గ్రౌండు మనిషి నీళ్ల డ్రమ్ము పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్లినాడు కూడా అతని గుండె ఇంత హుషారుగా కొట్టుకోలేదు.

ఈల సారు క్రికెట్ బ్యాటు పట్టుకుని స్టంపుల ముందు వంగాడు. ఒక కుర్రాడు టెన్నిస్ బంతి విసిరాడు. బంతి బ్యాటు అంచుకి తగిలి వెనక్కి, హెడ్మిస్ట్రెస్ కుర్చీ కిందికి దూసుకుపోయింది.

"ఫోర్!" అని అరిచాడు ఈల సారు.

కళ్లద్దాల పిల్ల కాగితం చూసుకుంది. "సార్, వెనక్కి పోతే ఫౌల్ అని ఉందండీ. ఏమీ రాదట."

"అది వాళ్ల దేశం రూలు. చూడు, ఇప్పుడెలా పరిగెత్తాలో." బ్యాటు చంకలో పెట్టుకుని మొదటి బేసుకి పరిగెత్తి, నేలకి బ్యాటు ఆనించి, మళ్లీ వెనక్కి తిరిగి హోముకే వచ్చాడు. "టూ రన్స్!"

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరస వెంబడి పాకింది. గ్రౌండు మనిషికి ఆ నవ్వు ఎండలో చల్లనీళ్లు తాగినట్టుంది. ఇంకా, ఇంకా అనుకున్నాడు.

"సార్, బేసుల మధ్య తొంభై అడుగులు అని ఉంది. ఇది అంత లేదు కదా?" అంది ఆ పిల్లే.

ప్రెసిడెంటు కర్రతో నేల మీద కొట్టాడు. ఆయన నవ్వడం లేదు. చూపు ఈల సారు మీద కూడా లేదు. "ఏమ్మా టీచరూ, ఇదేనా పాఠం? ఒక పీరియడంతా పాడుచేసి పిల్లలకి తప్పులు నేర్పుతున్నారా?"

"నాదేం లేదండీ," అన్నాడు ఈల సారు వెంటనే, చెమట తుడుచుకుంటూ. "మేడమ్ ఇచ్చిన కాగితాల ప్రకారమే చేయించాను. అవే తప్పేమో."

టీచరు చేతిలో కాగితాలు చివర్లు వంకర్లు తిరిగాయి. నవ్వుతున్న పిల్లలు ఇప్పుడు ఆమెను చూసి నవ్వుతున్నారు. ఐదు రోజులుగా గురి చూసి వేసిన దెబ్బ పోయి పోయి ఆమెకు తగిలింది. వాడు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు, మేకు కొట్టిన రోజులాగే, నింపాదిగా.

"కాగితం తప్పు కాదండీ," అన్నాడు గ్రౌండు మనిషి. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "తొంభై అడుగులే. జట్టుకి తొమ్మిది మంది. స్టంపులు ఈ ఆటలో లేనే లేవు. మేడమ్ గారి కాగితం ఒక్కటే ఇక్కడ సరైంది."

"నీకెట్లా తెలుసయ్యా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆరేళ్లు గీశానండీ."

"అయితే గీసి చూపించు."

స్టంపులు పీకేశాడు. గదిలోకి వెళ్లి టేపూ, పొడుగు తాడూ, గీకిన కర్రా తెచ్చాడు. టేపు మొదలు ఈల సారు చేతిలో పెట్టాడు.

"హోము మీద ఆనించి పట్టుకోండి సార్. వంగితే కుదరదు. మోకాళ్ల మీద కూర్చోవాలి."

ఈల సారు ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు తలూపాడు. ఈల సారు ఇస్త్రీ ప్యాంటుతో సున్నంలో మోకాళ్లు ఆనించాడు.

"బొటనవేలితో నొక్కండి. కదలకండి సార్. మీరు అంగుళం కదిలితే అక్కడ అడుగు తేడా వస్తుంది."

హోము నుంచి చదరం ఎదురు మూలకి నేరుగా నడిచాడు. నూట ఇరవై ఏడు అడుగుల మూడు అంగుళాల పైన చిటికెడు. అక్కడ మేకు కొట్టి, తొంభై కొలిచిన తాడు దానికి ముడేసి ఇంగ్లీషు టీచరుని కాపలా పెట్టాడు. "ఇది రెండో బేసు మేడమ్. ఇప్పుడు హోము నుంచి తొంభై, ఇక్కడి నుంచి తొంభై. టేపు కొసా తాడు కొసా ఎక్కడ కలుస్తాయో అక్కడ బేసు. ఇంకెక్కడ పెట్టినా మూల వంకర పోతుంది." కుడివైపు నడిచి, రెండు కొసలూ ఒకచోట కలిపి, గోనె ముక్క పరిచాడు. మొదటి బేసు. ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "శభాష్, మూలమట్టం లేకుండానే!" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఎడమవైపు బయలుదేరాడు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. అరవై దాటింది. డెబ్బై. ఎనభై ఒకటి దగ్గర కాలికి మెత్తని నేల తగిలింది. తల దించి చూశాడు. నైలాను తాడు దాటి, వంగ మొక్కల్లోకి వచ్చేశాడు.

ఐదు రోజులూ అతను వాడి తప్పుల్నే కొలిచాడు గానీ నేలను ఒక్కసారి కూడా కొలవలేదు.

ఇంకా తొమ్మిది అడుగులు. గుమ్మంలో భార్య గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఒక్కసారి టేపు వదులు చేసి ఇక్కడే గోనె పరిస్తే కళ్లకు కనిపించేంత తేడా ఉండదు. లేదంటే, బడిపిల్లలకి ఇంత దూరం ఎందుకులెండి అనొచ్చు. ఎవరూ కాదనరు.

"ఏమైంది?" వెనక నుంచి ఈల సారు గొంతు. మోకాళ్ల మీదే ఉన్నాడు. ముఖంలోకి నవ్వు తిరిగొస్తోంది. "తొంభై కాలేదా? అరవైకే సరిపెడదామా?"

గ్రౌండు మనిషి టేపు బిగించాడు. ఒక మొక్కను తొక్కాడు, రెండో మొక్కను తొక్కాడు. కాయలు పాదం కింద చితికిన చప్పుడు అతనికొక్కడికే వినిపించింది. రెండు కొసలూ కలిసింది సరిగ్గా మడుల నడుమ, చిక్కుడు పందిరి గుంజ దగ్గర. గుంజ పీకి పక్కన పడేసి, గోనె ముక్క పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టాడు.

"తొంభై," అని అరిచాడు. "ఇక లేవచ్చు సార్."

తర్వాత అరగంట గ్రౌండు అతనిది. కర్ర ఎత్తి చూపించాడు. "బంతి తగిలిందా, కర్ర అక్కడే పడెయ్యాలి. చేతులు ఖాళీగా పరిగెత్తాలి. దారిలో బంతి పట్టిన చెయ్యి ఒంటికి తగిలితే అవుట్. ఈ రెండు గీతల మధ్య పడితేనే బంతి. బయట పడితే ఎంత దూరం పోయినా దండగ. మూడుసార్లు ఊపి తగలకపోతే అవుట్. ఇంటికి పరిగెత్తడమంటే మీ ఇంటికి కాదమ్మా, ఇదిగో ఈ పలక దగ్గరికి. బయలుదేరిన చోటుకి, మూడు బేసులూ తొక్కి తిరిగొస్తేనే ఒక్క పరుగు. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా పడిన కష్టానికి సున్నా."

"మా నాన్న ఉద్యోగంలాగా ఉంది అంకుల్," అన్నాడొకడు.

పిల్లలు పరిగెత్తారు. మూడో బేసు దగ్గర పాదాలు మెత్తని మన్నులో దిగబడుతుంటే వెడల్పుగా తిరిగారు. మొక్కలు ఒకటొకటిగా నేలకి ఒరిగాయి. అతను అటు చూడలేదు. హోము వెనక వంగి నిలబడ్డాడు. కళ్లద్దాల పిల్ల మూడో బేసు నుంచి దూసుకొచ్చి, దుమ్ము లేపుతూ పలక మీద పడింది. బంతి అంతకు అర క్షణం ముందే వచ్చి అక్కడున్న కుర్రాడి చేతిలో పడింది, ఆ చెయ్యి ఆమె భుజానికి తగిలింది.

"అవుట్."

"అంకుల్! ఇంత దుమ్ములో మీకెలా కనిపించింది?"

"చూశానమ్మా."

ఆ పిల్ల కళ్లద్దాలు తుడుచుకుంటూ కోపంగా లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. "మేడమ్," అంది టీచరుతో, "అయితే ఆ కథలో అన్న కూడా నిజంగానే చూశాడన్నమాట."

టీచరు పుస్తకం గుండెలకి ఆనించుకుంది.

పోయేముందు ప్రెసిడెంటు ఈల సారుని పిలిచి, పిల్లలు వినేలా అన్నాడు. "నెట్లూ గిట్లూ ఆపెయ్యండి. ముందు ఈయన దగ్గర ఆట నేర్చుకోండి." తర్వాత గ్రౌండు మనిషి వైపు తిరిగాడు. "బేసు చుట్టూ ఎంత చదును ఉండాలయ్యా?"

"పన్నెండడుగులండీ," అన్నాడు అతను. నాలుక చివరన ఉన్న జవాబు. అన్నాక గాని అది ఎక్కడ పడుతుందో తట్టలేదు.

శనివారం పొద్దున భార్య మడుల్లో చతికిలబడి, బతికిన మొక్కలు పీకి ముంతల్లో పెడుతోంది. ఆరు బతికాయి. అతను పక్కన కూర్చుని మన్ను అందించబోతే చెయ్యి తోసేసింది.

"ఆయన సగమే అడిగాడు," అంది.

"నిన్న వాడి ముఖం చూశావా? మోకాళ్లకంతా సున్నం."

"చూశాను. ఉతికితే పోతుంది."

గ్రౌండులో ఈల సారు తాడు పట్టుకుని, రెండో బేసు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మెడలో ఈల లేదు. గ్రౌండు మనిషి చాలాసేపు అతన్నే చూశాడు. చూస్తున్నంతసేపూ కడుపు నిండుగానే ఉంది. చూపు తిప్పితేనే బాగుండలేదు.

హెడ్మిస్ట్రెస్ గొడుగు వేసుకుని వచ్చింది. "నిన్న బడి పరువు నిలబెట్టావు. ఆ నవల ఏటా ఉంటుంది, కాబట్టి ఈ గీతలు ఇక చెరపొద్దు. నీకేం కావాలో అడుగు."

అతను మూడో బేసు వైపు చూశాడు. దాన్ని అక్కడ పెట్టింది తనే. అంగుళం జరిపినా తప్పేనని అందరి ముందూ చెప్పిందీ తనే.

"ఏం వద్దమ్మా."

"సరే అయితే. ఇక్కడ నేల మెత్తగా ఉంది, పిల్లల కాళ్లు మెలిపడతాయి. పైమన్ను ఎత్తిపోయించి గట్టిమట్టి దిమ్మిస కొట్టిద్దాం. మొత్తం జాగా ఎంతో కొలిచి చెప్పు, కమిటీవాళ్లు మట్టి లోడు పంపిస్తారు."

టేపు తీశాడు. పట్టుకోమని ఎవర్నీ పిలవలేదు. మొదటి కొస మేకుకి తగిలించి గోడ వైపు నడిచాడు. చుట్టి, అడ్డంగా మళ్లీ కొలిచాడు. భార్య చేతిలో మొక్క పట్టుకుని, కొలత వినడానికన్నట్టు ఆగింది.

"ఇరవై రెండు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పమ్మా," అన్నాడు. "మూడు వందల ఎనిమిది చదరపు అడుగులు."